కొత్తవాడికి ఎన్ని ఉలులు కావాలి?

ప్రశ్న:
ఆన్‌లైన్‌లో 12 ఉలుల సెట్టు 700కి వస్తోందని కొనేశాను. టేకు ముక్క మీద మూడో దెబ్బకే ఒకదాని అంచు మడతపడింది. చిన్న వినాయకుణ్ణి చెక్కాలని కోరిక. ఏం కొనమంటారు?

జవాబు:
మాది వడ్రంగం ఇల్లు. పన్నెండెందుకండీ? అరంగుళం చదును ఉలి ఒకటి, వంపు అంచుది ఒకటి, చిన్న కత్తి ఒకటి చాలు. మిగిలిన డబ్బుతో ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉన్న సానరాయి కొనండి. పదును వేలితో చూడకండి, కాగితం కోసి చూడండి. చిరగకుండా తెగాలి. మా నాన్న ముంజేతి వెంట్రుకలు గీసి చూసేవాడు. ఆ చెయ్యి ఎప్పుడూ నున్నగానే ఉండేది!

ఇంకో జవాబు:
కొత్తలో టేకు వద్దు. కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి చెక్క వాడేది మెత్తగా, తేలిగ్గా ఉంటుందనే. అది దొరక్కపోతే గుమ్మడి టేకు చూడండి, పేరులో టేకున్నా అది వేరే చెట్టు. తొండం విడిగా చెక్కి అతికించండి. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ళు కూడా కాళ్ళూ చేతులూ అలాగే అతికిస్తారు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో.

అడిగినవాడు:
థాంక్సండీ. మడతపడిన ఉలి పనికొస్తుందా?

మొదటాయన:
నూరి చూడండి. మళ్ళీ మడతపడితే దాంతో రంగు డబ్బాల మూతలు తెరుచుకోవచ్చు.