'సానలఁ దీఱిన జాతిరత్నముల్': సినిమాల వెంట వచ్చే నవలలకు ఈ పద్యం వర్తిస్తుందా?

అనంతపురం నుంచి ప్రశ్న

భట్టుమూర్తి రాసిన వసుచరిత్ర అవతారికలోని (పీఠికలోని) ఉత్పలమాల ఇది:

కేవల కల్పనాకథలు కృత్రిమరత్నము లాద్యసత్కథల్
వావిరిఁ బుట్టు రత్నము లవారితసత్కవికల్పనావిభూ
షావహ పూర్వవృత్తములు సానలఁ దీఱిన జాతిరత్నముల్
గావున నిట్టి మిశ్రకథగా నొనరింపుము నేర్పు పెంపునన్

స్టార్ వార్స్, స్టార్ ట్రెక్ అనే ఇంగ్లీషు అంతరిక్ష కథల అభిమానుల మధ్య ఎప్పటినుంచో ఒక తగువుంది. సినిమాకో సీరియల్‌కో అనుబంధంగా వచ్చే టై-ఇన్ నవలలు మూలకథను ఎంతదాకా మార్చొచ్చు? ఈ పద్యం చూపిస్తే రెండు పక్షాలూ దీన్నే సాక్ష్యానికి పిలుస్తున్నాయి. 'అవారిత' అన్నాడు కాబట్టి రచయితకు అడ్డే లేదని ఒకరు. 'జాతిరత్నం' అన్నాడు కాబట్టి రాయి జాతి మారకూడదని ఇంకొకరు. అన్వయం తెలిసినవాళ్లు చెప్పండి. పద్యం అర్థం తేలాకే నవలల జోలికి పోదాం.

కడప నుంచి

ముందు తాత్పర్యం: పూర్తిగా కల్పించిన కథలు కృత్రిమరత్నాలు, పాత సత్కథలు గనిలో పుట్టిన రత్నాలు, సత్కవి కల్పన చేరిన పాత కథలు సానపట్టిన జాతిరత్నాలు, కాబట్టి అలాంటి మిశ్రకథ రాయి. అవారిత-సత్కవి-కల్పనా-విభూషావహ అన్నది ఒకే సమాసం. అడ్డులేని సత్కవి కల్పన అనే అలంకారాన్ని ధరించినవి అని భావం. అదంతా 'పూర్వవృత్తములు' అనే మాటకు విశేషణం. అడ్డు లేనిది కల్పనకే. ఆ కల్పన అలంకారం, దాన్ని తొడుక్కునేది పాత కథ. ఒంటినే మార్చేయమని ఈ సమాసంలో ఎక్కడా లేదు. 'కవి' అని ఊరుకోకుండా 'సత్కవి' అన్నాడు, అది కూడా గమనించాలి.

'వావిరి'కి విరివిగా, క్రమంగా అనే అర్థాలున్నాయి. గనిలో సహజంగా, విరివిగా దొరికే రాళ్లు అనుకుంటే సరిపోతుంది.

ఇక ఈ మాటలంటున్నది ఎవరు? 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత పెనుకొండను రాజధాని చేసుకున్న తిరుమల దేవరాయలు. 'ఒనరింపుము' అని కవికి ఆయన చేస్తున్న ఆదేశం. టై-ఇన్ నవలల పద్ధతీ ఇంతే. హక్కులున్న సంస్థకు రచయిత ముందు కథాసంగ్రహం పంపాలి. అది ఒప్పుకుంటేనే రాత మొదలవుతుంది, రాతప్రతిని మళ్లీ చూస్తారు. స్టార్ ట్రెక్ నవలల మీద కాపీరైట్ కూడా ఆ సంస్థదే, రచయితది కాదు. 'అవారిత' అనే మాటను రాజే కవికి ఇస్తున్నాడు. ఇచ్చినవాడు హద్దు కూడా పెట్టగలడు.

కర్నూలు నుంచి

అన్వయం బాగుందక్కా. నేను సాన దగ్గర ఆగుతా. వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాలు వెతికే సీమ మనది. సాన రాయికి ఏమీ కలపదు, తీసేస్తాది. కోహినూరును 1852లో లండన్‌లో మళ్లీ సానపడితే 186 పాత క్యారట్ల రాయి 105.6 మెట్రిక్ క్యారట్లకు దిగింది. వజ్రానికి లోపలే చీలిక దిశలు ఉంటాయి. అవి కనిపెట్టి కోయాల. చూసుకోకుండా దెబ్బ వేస్తే పగిలి చేతికొస్తాది.

అంటే విభూష అనేటప్పుడు కలపడం, సాన అనేటప్పుడు తీయడం, రెండూ ఒకే పద్యంలో పెట్టినాడు భట్టుమూర్తి. రెండూ తాను చేసి చూపించినాడు కూడా. భారతం ఆదిపర్వంలో ఉపరిచర వసువు కథ చిన్నది. శుక్తిమతి నదికి కోలాహల పర్వతం అడ్డుపడడం, వసురాజు దాన్ని కాలితో తన్నడం, గిరిక పుట్టడం, రాజు ఆమెను పెళ్లాడడం. దాన్ని ఆరు ఆశ్వాసాలు చేసినాడు. గిరిక పాట, చెలికత్తె మంజువాణి రాయబారం, విరహం, ఇవన్నీ కవి పెంచినవే. కొండ, నది, కాలితాపు, పెళ్లి మాత్రం యాడివి ఆడనే ఉండాయి. వినేవాడికి ముందే తెలిసిన ముడులు ఇవి. వీటిని విప్పకుండా మధ్యలో ఎంత నేసినా ఎవరూ కాదనరు.

స్టార్ ట్రెక్‌లో సులూ అనే పాత్ర సంగతి అచ్చం ఇట్లాంటిదే. 1966లో మొదలైన సీరియల్‌లో ఆయనకు ఇంటిపేరు తప్ప వేరే పేరు పెట్టలేదు. 1981లో వచ్చిన 'ది ఎంట్రొపీ ఎఫెక్ట్' నవల 'హికారు' అని పెట్టింది. పదేళ్లకు, 1991లో ఆరో సినిమాలో, కెప్టెన్ కుర్చీలో కూర్చుని ఆ పాత్రే తన పేరు హికారు సులూ అని చెప్పుకుంటాది. నవల ఖాళీ ఉన్నచోట పెట్టింది కాబట్టే తెర దాన్ని తీసుకోగలిగింది. స్టార్ వార్స్ రాజధాని గ్రహానికి కొరసాంట్ అన్న పేరు కూడా 1991 నాటి 'ఎయిర్ టు ది ఎంపైర్' నవలదే, 1999 సినిమాలో అదే పేరు వినిపిస్తాది.

ప్రొద్దుటూరు నుంచి

ఖాళీలు పూరించడం దాకే హద్దు అనుకుంటే మన అలంకారశాస్త్రమే ఒప్పుకోదన్నా. ధనంజయుడి దశరూపకం అనే సంస్కృత నాటకశాస్త్ర గ్రంథం ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం (పేరున్న పాత కథ), ఉత్పాద్యం (కవి కల్పించినది), మిశ్రం (రెండూ కలిసినది) అని మూడుగా చెప్పింది. భట్టుమూర్తి పద్యానికి మూలం ఆ విభాగమే. అదే గ్రంథం మూడో ప్రకాశంలో ఇంకో మాటుంది: నాయకుడికి గానీ రసానికి గానీ తగనిది మూలంలో ఉంటే వదిలెయ్యాలి, లేదా వేరేగా కల్పించాలి. భారతంలో దుష్యంతుడు తెలిసి తెలిసీ శకుంతలను కాదంటాడు. కాళిదాసు దుర్వాసుడి శాపం తెచ్చి, ఉంగరం తెచ్చి, ఆ మచ్చ తీసేశాడు. అది ఖాళీ పూరించడం కాదు, కథ నడిచే కారణాన్నే మార్చడం. అయినా దుష్యంతుడు ధీరోదాత్తుడిగా, అంటే గంభీరుడైన ఉత్తమ నాయకుడిగా నిలిచాడు.

కాబట్టి మార్పు ఎంత పెద్దది అని కొలిస్తే లాభం లేదు. మార్పు పాత్ర స్వభావాన్ని కాపాడుతోందా, చెడగొడుతోందా అని చూడాలి. అభిమానులు ఈ రెండింటినీ కలిపేసి తిట్టుకుంటున్నారు.

కర్నూలు నుంచి

ఆ కొలత నాకు సమ్మతమే. దాంతో చూస్తే స్టార్ వార్స్‌లో హాన్ సోలో నేస్తం చ్యూబాకా చావు ఎందుకు అంత నొప్పించిందో తెలుస్తాది. 1999లో 'వెక్టర్ ప్రైమ్' నవలలో హాన్ సోలో కొడుకును కాపాడబోయి, సెర్న్‌పిడాల్ గ్రహం మీదికి చందమామ కూలుతుంటే ఆడనే చనిపోతాడు. చావులో స్వభావం చెడలేదు, వీరుడిగానే పోయినాడు. కానీ అది 19 నవలల వరుసకు మొదటి పుస్తకం. మిగిలిన 18 పుస్తకాల రచయితలంతా ఆ లోటు మోయాల్సి వచ్చింది. రాయిలో ఒక ముక్క పోతే మళ్లీ అతకదు. 2014 ఏప్రిల్‌లో లూకాస్‌ఫిల్మ్ ఆ పాత నవలలన్నిటినీ 'లెజెండ్స్' అని పక్కన పెట్టింది, కొత్త సినిమాల వాళ్లకు చేతులు కట్టేసినట్టు ఉండకూడదని. 2015 సినిమాలో చ్యూబాకా బతికే ఉండాడు.

అదే పక్కన పెట్టిన నవలల్లోంచి థ్రాన్ అనే సేనాని మాత్రం 2016లో కార్టూన్ సీరియల్‌లోకి, 2023లో నటుడితో తీసిన సీరియల్‌లోకి వచ్చినాడు. కొత్త పాత్ర గదా, ఎవరి ముడీ విప్పలేదు, తీసి ఇంకోచోట పొదగడానికి వీలైంది.

తెలియక జరిగే పొరపాట్లు వేరే. 1978 నవల 'స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ'లో స్టార్ వార్స్ ముఖ్యపాత్రలు ల్యూక్, లేయాల మధ్య ఆకర్షణ కనపడతాది. 1983 సినిమా వాళ్లిద్దరినీ అన్నాచెల్లెళ్లను చేసింది. మూలకథ ఇంకా నడుస్తుంటే రచయితకు ఈ ప్రమాదం తప్పదు. భట్టుమూర్తికి ఆ బాధ లేదు, వ్యాసుడు మళ్లీ వచ్చి ఇంకో పర్వం రాయడు. అందుకే నడుస్తున్న కథలో ప్రేమ, పెళ్లి, చావు, తల్లిదండ్రులెవరు అనే నాలుగు సంగతులు నవలాకారుడు ముట్టుకోకుండా ఉంటేనే మేలని నా అభిప్రాయం.

నంద్యాల నుంచి

మా నంద్యాల మాట చెప్పకపోతే ఈ చర్చ పూర్తికాదు. నంద్యాల కృష్ణమరాజుకు అంకితమైన పింగళి సూరన కళాపూర్ణోదయం ఎనిమిది ఆశ్వాసాల కేవల కల్పనాకథ. భట్టుమూర్తి 'కృత్రిమరత్నము' అన్నది సూరన మీద విసురేనని కొందరు విమర్శకులంటారు. అయినా ఆ కావ్యాన్ని గాజుముక్క అన్నవాళ్లు లేరు. కథ లోపల కథ పెట్టి, చివరికి ప్రతి పోగునూ కలపడంలో దానికి దీటైనది అరుదు.

నవలల్లో ఈ దారి 1997లో మొదలైన 'స్టార్ ట్రెక్: న్యూ ఫ్రాంటియర్' వరుసది. ఓడ వేరు, కెప్టెన్ మెకెంజీ కాల్హూన్ కొత్తవాడు, తెర మీద చిన్న పాత్రలుగా కనిపించిన కొందరిని మాత్రం సిబ్బందిలో చేర్చుకున్నారు. ప్రపంచం పాతది, కథ కొత్తది. కెప్టెన్‌కు ఏమైనా కావచ్చు, అతని కథ వాళ్ల చేతిలోనే ఉంది. నడుస్తున్న సీరియల్‌తో పేచీ లేకుండా పెద్ద మార్పులు చేయాలంటే ఇదొక్కటే గట్టి పద్ధతి. పద్యం దీన్ని తక్కువ చేసిందని నేనంటాను.

అనంతపురం నుంచి

అందరికీ ధన్యవాదాలు. ఒకటి మిగిలింది. సినిమానే నవలగా రాస్తే, అంటే నవలీకరణ చేస్తే, అది 'ఆద్యసత్కథ' కిందికే వస్తుంది గదా? అక్కడ మార్పు ప్రసక్తి ఉండకూడదు.

కడప నుంచి

అక్కడా ఉంటుంది తమ్ముడూ. నవలీకరణకు ఆధారం పూర్తయిన సినిమా కాదు, షూటింగ్ నాటి స్క్రిప్టు. మొదటి స్టార్ వార్స్ నవల 1976 నవంబరులో వచ్చింది, సినిమా 1977 మేలో. నవలలో ల్యూక్ ఎగిరే దళం పేరు బ్లూ, తెర మీద రెడ్. బ్లూ స్క్రీన్ (వెనక పెట్టే నీలి తెర) ముందు నీలి గీతల విమానాలు తీయడం ఇబ్బంది కాబట్టి రంగు మార్చారు, అప్పటికే పుస్తకం పాత స్క్రిప్టుతో అచ్చుకు పోయింది. మార్చింది సినిమా, మారకుండా ఉన్నది నవల. కాబట్టి ఇలాంటి తేడా కనపడితే ముందు పుస్తకం అచ్చయిన నెల, సినిమా విడుదలైన నెల పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాతే రచయితను అడగాలి.