యానిమేషన్ సినిమాలా నడిచే పీడకల: మైగ్రేన్ మందు వల్లేనా?

అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా తెల్లవారుజామున ఒకే పీడకల వస్తోంది, అచ్చం యానిమేషన్ సినిమాలా. మా వీధి, మా ఇల్లు అన్నీ రంగులేసి గీసినట్టు ఉంటాయి. మనుషులంతా తోలుబొమ్మలే. పక్కకు తిరిగిన ముఖాలు, మోచేతుల దగ్గర దారపు ముడులు. తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్క, జుట్టుపోలిగాడు నవ్వుకుంటూ తెర దిగి వస్తారు. వాళ్ల వెనకే మా అమ్మ. పిలిస్తే నా వైపు తిరుగుతుంది, ముఖానికి రెండో పక్క ఉండదు. అక్కడ అరుస్తూ లేస్తాను. ఇక నిద్ర పట్టదు, పగలంతా టెన్షన్.

కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర తెల్లవారుజామునే ఎక్కువసేపు ఉంటుందని తెలుసు. నా అనుమానం మాత్రం మందు మీద. మైగ్రేన్‌కి ప్రొప్రనొలాల్ వాడుతున్నాను. దానితో కొందరికి పీడకలలు వస్తాయి. హఠాత్తుగా మానేయకూడదు కాబట్టి మానలేదు, డాక్టరు గారిని త్వరలో కలుస్తాను.

ఈ మందు వాడినవాళ్లలో ఎవరికైనా ఇలా జరిగిందా? డాక్టరు మందు మార్చాక తగ్గిందా? పగటిపూట కల ముగింపును మార్చి, కొత్త కథను రోజూ మనసులో ఊహించుకునే పద్ధతి ఒకటి ఉంది కదా, ఇమేజరీ రిహార్సల్ అంటారు. అది ఇంట్లో సొంతంగా చేయొచ్చా, సైకాలజిస్టు దగ్గరే నేర్చుకోవాలా? చేసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.