దారం రీలు మీదున్న పేరు అంటార్కిటికా మ్యాపులో ఎందుకుంది?

నర్సాపురం టైలర్
నమస్కారమండి. ఇరవై ఏళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. నిన్న రాత్రి మా అమ్మాయి అట్లాసు తెచ్చి, వెడ్డెల్ సముద్రం పక్కన ‘కోట్స్ ల్యాండ్’ మీద వేలు పెట్టి, "అమ్మా, నీ దారం పేరే కదా" అంది. మిషను మీది రీలు తిప్పి చూస్తే మదురా కోట్స్ అనే ఉంది. నిజంగా సంబంధం ఉందా? అంటార్కిటికా యాత్రలకి డబ్బంతా రాయల్ సొసైటీలే ఇచ్చేవనుకున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

రాజోలు మాస్టారు
ఉందమ్మా. స్కాట్లాండ్‌లోని పెయిస్లీలో కోట్స్ కుటుంబానికి దారం మిల్లులుండేవి. మీ రీలు మీది ఆ పేరే. 1902లో విలియం స్పియర్స్ బ్రూస్ అనే ధ్రువ యాత్రికుడు ‘స్కోషియా’ ఓడలో దక్షిణానికి బయల్దేరితే, ఖర్చులో దాదాపు 30,000 పౌండ్లు వాళ్ళే పెట్టుకున్నారు. 1904 మార్చిలో కొత్త తీరం కనిపించగానే వాళ్ళ పేరు పెట్టాడు.

సొసైటీల సంగతంటారా, అదే రోజుల్లో స్కాట్ అనే ఇంగ్లీషు నావికుడు అంటార్కిటికా వెళ్ళిన ‘డిస్కవరీ’ యాత్రకి లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఇచ్చింది 8,000. లాంగ్‌స్టాఫ్ అనే రంగుల వ్యాపారి ఒక్కడే 25,000 ఇచ్చాడు. ప్రభుత్వం 45,000 ఇస్తాను, అంతే మొత్తం మీరూ బయట పోగుచేయండి అంది. సొసైటీ అధ్యక్షుడు మార్కమ్ చందాల కోసం ఏళ్ళ తరబడి తిరిగాడు. మధ్యలో బ్రూస్ ఇంకో ఓడ తీసుకెళ్తాననేసరికి అతని మీద మండిపడ్డాడు.

నాకు బ్రూస్ అంటేనే ఎక్కువ గౌరవం. అంటార్కిటికా దగ్గరి లారీ అనే దీవిలో రాళ్ళతో ఇల్లు కట్టి వాతావరణ కేంద్రం పెట్టాడు. 1904లో అర్జెంటీనాకి అప్పగించాడు, ఇప్పటికీ నడుస్తోంది. 96 తుపాను చూసిన కోనసీమవాడిని, రోజూ గాలి లెక్క రాసేవాళ్ళ విలువ నాకు తెలుసు.

తణుకు రైస్‌మిల్లు
గోనె సంచులకీ ఇందులో వాటా ఉందండి. షాకిల్టన్ అనే ఇంకో యాత్రికుడి 1914 అంటార్కిటికా యాత్రకి డండీ జనపనార మిల్లుల యజమాని జేమ్స్ కెయిర్డ్ 24,000 పౌండ్లు ఇచ్చాడు. సొసైటీ ఇచ్చింది 1,000. డండీ మిల్లులకి నార మన బెంగాల్ నుంచే వెళ్ళేది. ఓడ మునిగాక, 1916లో ఆరుగురు సౌత్ జార్జియా చేరిన చిన్న పడవ పేరు కూడా ‘జేమ్స్ కెయిర్డ్’.

నర్సాపురం టైలర్
మాస్టారూ, చాలా థాంక్స్. అమ్మాయికి మొత్తం చదివి వినిపించాను. ఒక్క మాట. పెయిస్లీ మిల్లుల్లో ఆ దారం తీసింది ఎవరండి?

రాజోలు మాస్టారు
ఎక్కువమంది ఆడపిల్లలేనమ్మా.

నర్సాపురం టైలర్
అలాగే అనుకున్నానండి. మా అమ్మాయికి అది కూడా చెప్తాను.