లాడ్జి వైఫైలో అతిథులకు బిల్లింగ్ ప్రింటర్ కనిపిస్తోంది

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర లాడ్జి. ఒకటే యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె), అందరికీ ఒకే పాస్‌వర్డ్. ప్రింటర్ కేబుల్ మీద ఉంది. ప్రింటర్ వాళ్లకి కనిపించకుండా మ్యాక్ ఫిల్టర్ (పరికరం గుర్తింపు నంబరైన మ్యాక్ చూసి లోపలికి రానివ్వడం) పెడితే చాలాండి?

జవాబు 1: దండగండి. ఇప్పటి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో మ్యాక్ చూపిస్తాయి. పైగా మ్యాక్ గాల్లో దాపరికం లేకుండా వెళ్తుంది, ఎవరైనా కాపీ కొట్టొచ్చు. అతిథులకు వేరే ఎస్‌ఎస్‌ఐడీ (వైఫై పేరు), వీలాన్ 20 (అదే నెట్‌వర్క్‌లో విడిగా చేసిన భాగం, 20 దాని నంబరు) ఇచ్చి క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చెయ్యండి.

జవాబు 2: ఐసొలేషన్ చేసేది వైఫైలో ఉన్నవాళ్లు ఒకరికొకరు కనిపించకుండా ఆపడం మాత్రమే, కేబుల్ ప్రింటర్‌ని అది దాచదు. ప్రింటర్‌ని లాడ్జి సొంత పనులకి వేరే వీలాన్ 10లో ఉంచి, రౌటర్ ఫైర్‌వాల్‌లో 20 నుంచి 10కి దారి మూసెయ్యాలి. యాక్సెస్ పాయింట్ కేబుల్ పెట్టిన స్విచ్ పోర్టులో వీలాన్ 20 ట్యాగ్ (ఆ వీలాన్‌ని దాటనిచ్చే సెట్టింగ్) మర్చిపోతే అతిథులకు ఐపీ అడ్రస్ రాదు, ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనబడితే ముందు అక్కడే చూడండి.

జవాబు 3: డబ్ల్యూపీఎస్ (బటన్ లేదా పిన్‌తో వైఫైకి కలిపే సదుపాయం) కూడా ఆపెయ్యండి. వైఫై భద్రతకి కొత్త పద్ధతైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత ఫోన్లు ఎక్కవు, అతిథులకి దాని ముందు పద్ధతి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ నయం. రౌటర్ సెట్టింగులు మార్చే అడ్మిన్ పేజీ వీలాన్ 10 నుంచే తెరుచుకోవాలి.