మోకాలి ఆపరేషన్ తర్వాత ‘యాంటీ గ్రావిటీ ట్రెడ్‌మిల్’: పనికొస్తుందా?

పాలమూరోడు: నాన్నకు మోకాలి చిప్ప మార్చారు. హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లు ఈ మెషీన్ మీద నడిపిస్తామంటున్నారు. మహబూబ్‌నగర్ నుంచి తిరగాలి. అంత అవసరమా?

మూసీగట్టు: పేరే మోసం. భూమ్యాకర్షణను ఏ మెషీనూ తగ్గించదు. నడుము కింద సంచి బిగించి గాలి నింపితే, ఆ ఒత్తిడి మనిషిని పైకి లేపుతుంది. అంతే.

ఫిజియో_నల్లగొండ: పేరు సంగతి వదిలేయండి. నాసాలో రాబర్ట్ వేలెన్‌కు వచ్చిన ఆలోచన ఇది. ఆయన అనుకున్నది ఉల్టా: అంతరిక్షంలో వ్యోమగామిని గాలితో కిందికి నొక్కి బరువు కల్పించడం. అక్కడ కాళ్ల మీద బరువు పడక తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తరుగుతుంది. అదే గాలిని ఇక్కడ పైకి నెట్టడానికి వాడుతున్నారు. సొంత బరువులో 20 శాతమే కాళ్ల మీద పడేలా చేయొచ్చు, చంద్రుడి మీద ఆరో వంతు కదా, దాదాపు అంత. నొప్పి లేకుండా మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం.

మూసీగట్టు: చంద్రుడితో పోల్చకండి. సంచిలో ఉన్న కాలు ఎత్తితే ఆ కాలి బరువేం తగ్గదు.

బాయికాడ: నడుము లోతు నీళ్లలో నిలబడ్డా సగం బరువు పోతుంది. మా బాయి ఫ్రీ 😄

ఫిజియో_నల్లగొండ: కుట్ల గాయం మానకముందు నీళ్లలో దింపితే చీము పట్టొచ్చు. బాయి మెట్ల మీద పాచి సంగతి మీకే తెలుసు. మూసీగట్టు గారూ, కాలి బరువు మాట నిజమే. కానీ మోకాలి మీద పడేది ఒళ్లు బరువు, దాని గురించే నేను చెప్పేది.

మూసీగట్టు: మీ దందా మీరు చెప్పుకుంటారు.

ఫిజియో_నల్లగొండ: నాకు సెంటరూ లేదు, మెషీనూ లేదు. బండి మీద ఊళ్లు తిరుగుతాను. మాట జాగ్రత్త.

మూసీగట్టు: మరి మా ఊరికి ఎవరొచ్చారు? అమ్మకు ఆపరేషన్ చేసి, డిశ్చార్జి రోజు వ్యాయామాల బొమ్మలున్న కాగితం చేతిలో పెట్టారు. ఆమెకు చదువు రాదు. నొప్పికి భయపడి మంచం దిగలేదు, మోకాలు బిగుసుకుపోయింది. ఇప్పుడు బస్సు మెట్టు ఎక్కలేకపోతోంది. లక్షల మెషీన్ల గురించి వింటే ఒళ్లు మండదా?

ఫిజియో_నల్లగొండ: ఆ భయం పోగొట్టడానికే మెషీన్. జిల్లాకొకటి పెట్టాలని అడుగుతాను.

మూసీగట్టు: ముందు మండలానికొక ఫిజియోను పెట్టమనండి.

పాలమూరోడు: సార్, మేడం, మా నాన్నను హైదరాబాద్ తీసుకెళ్లాలా వద్దా?

ఫిజియో_నల్లగొండ: ఇప్పుడు మోకాలు ఎంత వంగుతోంది? 90 డిగ్రీలు వస్తోందా?

పాలమూరోడు: కొలవలేదు. కొలవాలని ఎవరూ చెప్పలేదు.