ఎక్స్‌టర్నల్ ఆడిట్‌లో ఉద్యోగం పోయింది, నాలుగున్నరేళ్ల అనుభవం: మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?

కటాఫ్_తేదీ (ప్రశ్న):

నాలుగున్నరేళ్లు ఎక్స్‌టర్నల్ ఆడిట్ (బయటి ఫర్మ్ తరఫున కంపెనీల లెక్కల తనిఖీ), అందులో చివరి రెండేళ్లు సీనియర్ హోదా. క్లయింట్లు తగ్గడంతో గ్రూపులో కొన్ని పోస్టులు తీసేశారు. తొమ్మిది వారాలైంది. అరవైకి పైగా అప్లికేషన్లు పెడితే రెండే ఇంటర్వ్యూలు వచ్చాయి, రెండూ మొదటి రౌండ్‌లోనే ఆగిపోయాయి.

నా సందేహాలు ఇవి. రెజ్యూమేలో క్లయింట్ల పేర్లు రాయకూడదు కదా, మరి చేసిన పని ఎలా చూపించాలి? ఇంటర్నల్ ఆడిట్‌కో (కంపెనీ లోపలి తనిఖీ) ఐటీ ఆడిట్‌కో (కంప్యూటర్ సిస్టంల తనిఖీ) మారాలంటే ముందే సర్టిఫికెట్ ఉండాలా? ఉద్యోగం ఎలా పోయిందని అడిగితే ఎంతవరకు చెప్పాలి? పైగా వచ్చే వారం ఒకచోట ఎక్సెల్ టెస్ట్ ఉందన్నారు. ఏం అడుగుతారో, దేనికి సిద్ధపడాలో తెలియడం లేదు.

టిక్‌మార్క్:

అరవైకి రెండు పిలుపులంటే ముందు రెజ్యూమేనే అనుమానించాలండి. 'స్టాట్యూటరీ ఆడిట్లు చేశాను, వౌచింగ్ (ఎంట్రీలను బిల్లులతో సరిచూడటం) చేశాను, టీమ్‌ను నడిపాను' అని రాస్తే చదివే మేనేజర్‌కు ఏమీ తెలియదు. ఏడాది అనుభవం ఉన్నవాళ్లూ అవే మాటలు రాస్తారు.

ఒక కాగితం తీసుకుని ఒక్కో ఎంగేజ్‌మెంట్‌కు (ఒక్కో క్లయింట్ ఆడిట్ పనికి) రాసుకోండి: ఏ రంగం, సుమారు ఎంత పరిమాణం, ఏ అకౌంటింగ్ ప్రమాణాలు, ఏ సాఫ్ట్‌వేర్, మీ చేతిలో ఉన్న ఖాతాలేవి, ఎంతమంది పని మీరు రివ్యూ చేశారు, చివరికి ఏం తేలింది. చాలామంది ఆ చివరిదే వదిలేస్తారు, చదివేవాళ్లు వెతికేది దాన్నే.

'ఇన్వెంటరీ ఆడిట్ చేశాను' అనే బదులు ఇలా రాసి చూడండి: 'పన్నెండు గోదాములున్న టోకు వ్యాపార సంస్థ. నాలుగు గోదాముల్లో సరుకు లెక్కింపునకు హాజరై, షీటు నుంచి సరుకుకు, సరుకు నుంచి షీటుకు రెండు వైపులా టెస్ట్ కౌంట్లు చేశాను. చివరి గూడ్స్ రిసీట్ నోట్, చివరి డెలివరీ చలాన్ నంబర్లు పట్టుకుని కటాఫ్ చూశాను. కదలని సరుకుకు ప్రొవిజన్ చాలదని తేలింది, ఎంట్రీ సరిచేయించాం.' (కటాఫ్ అంటే లావాదేవీ సరైన ఏడాదిలోనే పడిందా అని చూడటం, ప్రొవిజన్ అంటే రాబోయే నష్టానికి లెక్కల్లో పక్కన పెట్టే మొత్తం.) షీటు నుంచి సరుకుకు వెళ్తే ఎగ్జిస్టెన్స్ (రాసిన సరుకు నిజంగా ఉందా), సరుకు నుంచి షీటుకు వస్తే కంప్లీట్‌నెస్ (ఉన్నదంతా రాశారా) అని మీకు తెలుసన్న సంగతి ఇందులో విడిగా చెప్పక్కర్లేదు, తెలిసిపోతుంది. ఇలాంటివి నాలుగు చాలు. మిగతా ఎంగేజ్‌మెంట్లు ఒక్కో లైనులో పెట్టేయండి. మొత్తం రెండు పేజీలు దాటకూడదు.

ఇదంతా జ్ఞాపకం నుంచే రాయండి. పాత వర్కింగ్ పేపర్లు (ఆడిట్‌లో చేసిన పనిని రాసిన కాగితాలు) ఇంటికి తెచ్చుకుని ఉంటే వాటి జోలికి వెళ్లొద్దు, అవి సంస్థ ఆస్తి. ఐఈఎస్‌బీఏ (అకౌంటెంట్ల అంతర్జాతీయ నైతిక ప్రమాణాల బోర్డు) నియమావళి ప్రకారం గోప్యత బాధ్యత ఉద్యోగంతో పాటు ముగిసిపోదు. 'నా పని ఇలా ఉంటుంది' అని ఇంటర్వ్యూలో అసలు ఫైలు తెరిచి చూపించినవాళ్లను ఎవరూ తీసుకోరు. పేరు కొట్టేస్తే సరిపోతుందనీ అనుకోవద్దు. ఆ రంగంలో ఒకటో రెండో కంపెనీలే ఉంటే వివరాలను బట్టే గుర్తుపడతారు. అలాంటిచోట రంగం పేరు ఇంకాస్త విశాలంగా రాయాలి.

పాత సంస్థ నుంచి రెండు కాగితాలు వెంటనే తీసుకోండి. ఒకటి అనుభవ పత్రం: తేదీలు, హోదా, పోస్టు తొలగింపు కారణంగా రిలీవ్ చేసినట్టు స్పష్టంగా ఉండాలి. రెండోది మీ వృత్తి సంఘానికి చూపాల్సిన శిక్షణ గంటల రికార్డు ఏదైనా ఉంటే దాని మీద సంతకం. సంతకం చేయాల్సిన మేనేజర్ కూడా సంస్థ మారిపోతే దాన్ని సంపాదించడానికి నెలలు పడుతుంది.

ఉద్యోగం పోయిన విషయానికి ఒక్క వాక్యం చాలు: 'క్లయింట్లు తగ్గడంతో మా గ్రూపులో పోస్టులు తీసేశారు, అందులో నాదీ ఒకటి.' అక్కడితో ఆగండి. ఏ క్లయింట్ ఎందుకు వెళ్లిపోయిందో చెప్పడం మొదలుపెడితే, ఎదుటివాళ్లు మీ కష్టం మాట మరిచిపోయి మీ నోటికి అదుపు ఉందా అని చూస్తారు.

బకాయి_జాబితా:

పై సలహాలన్నీ సరైనవే. కానీ రెజ్యూమే ఎంత బాగున్నా తప్పు నెలలో పంపితే ఫలితం ఉండదు. ఆడిట్‌లో నియామకాలకు సీజన్ ఉంటుంది. మీ పరిసరాల్లో ఎక్కువ కంపెనీల ఆర్థిక సంవత్సరం ఎప్పుడు ముగుస్తుందో చూసి, దానికి మూడు నాలుగు నెలల ముందు నుంచి గట్టిగా ప్రయత్నించండి. ఇంటరిమ్ పని (ఏడాది ముగియకముందే చేసే తనిఖీ), ప్లానింగ్ మొదలయ్యేది అప్పుడే, మనుషులు చాలడం లేదని తెలిసేదీ అప్పుడే. రిపోర్టుల మీద సంతకాలు అయిపోయిన వెంటనే వచ్చే నెలలు మందకొడిగా ఉంటాయి.

చిన్న, మధ్యస్థాయి ఫర్ములు చాలావరకు పోర్టల్‌లో ప్రకటన ఇవ్వవు. పార్ట్‌నర్‌కు నేరుగా ఆరేడు వాక్యాల మెయిల్ పెట్టండి. పక్కన ఎవరూ లేకుండా ఏ ఖాతాలు మీరు ముగించగలరు, ఏ ఆడిట్ సాఫ్ట్‌వేర్ వచ్చు, ఊళ్లు తిరగగలరా, ఏ తేదీ నుంచి రాగలరు. అంతే. 'నేర్చుకోవాలన్న తపన' లాంటి మాటలు సీనియర్ స్థాయిలో పని చేయవు, బిజీ సీజన్‌లో వాళ్లకు కావలసింది రివ్యూ నోట్లు (పైవాళ్లు రాసే సవరణలు) తక్కువ పడే మనిషి.

మూడు నెలల కాంట్రాక్టు పని వస్తే తీసుకోండి. కానీ ఒప్పుకునే ముందు మూడు సంగతులు అడగండి: చెల్లింపు గంటలకా ఫైలుకా, మీ పని ఎవరు రివ్యూ చేస్తారు, ఏ ఏడాది ఫైళ్లు. మూడోది మామూలు ప్రశ్నలా ఉంటుంది గానీ అందులోనే ఉంది మెలిక. క్వాలిటీ తనిఖీ వస్తోందని, రిపోర్ట్ ఎప్పుడో ఇచ్చేసిన ఫైళ్లలో లేని వర్కింగ్ పేపర్లు 'నింపడానికి' మనుషులను పెట్టుకునేవాళ్లు ఉంటారు. ఐఎస్ఏ 230 (అంతర్జాతీయ ఆడిట్ ప్రమాణాల్లో డాక్యుమెంటేషన్‌కు సంబంధించినది) ప్రకారం ఆడిట్ రిపోర్ట్ తేదీ నుంచి మామూలుగా 60 రోజుల్లోపు ఫైనల్ ఫైల్ సర్దుబాటు పూర్తి కావాలి. ఆ తర్వాత ఏదైనా చేర్చాల్సి వస్తే ఎందుకు చేర్చారు, ఎవరు, ఎప్పుడు చేర్చారు అన్నది రాయాలి. పాత తేదీ వేయమంటే బయటికి వచ్చేయండి. డబ్బు ఇబ్బందిలో ఉన్నవాళ్లకే ఇలాంటి పనులు ఎదురవుతాయి, అందుకే చెబుతున్నా.

ఈ ఖాళీలో ఏదైనా కంపెనీ అకౌంట్స్‌లో తాత్కాలికంగా చేరినా ఫర్వాలేదు. లెక్కల తయారీ మీద గణనీయ ప్రభావం ఉండే ఉద్యోగమైతే మాత్రం, ఆ కాలానికి సంబంధించిన ఆ కంపెనీ ఆడిట్ టీమ్‌లో మీరు ఉండకూడదు. కొత్త ఫర్మ్‌లో ఇండిపెండెన్స్ డిక్లరేషన్ (క్లయింట్లతో మీకున్న సంబంధాల ప్రకటన) నింపేటప్పుడు షేర్లు, కుటుంబ సభ్యుల ఉద్యోగాలతో పాటు దీన్ని కూడా రాయండి.

నియంత్రణ:

ఇంటర్నల్, ఐటీ ఆడిట్ గురించి నా వంతు. సర్టిఫికెట్ ఉంటేనే తీసుకుంటారన్నది నిజం కాదు. కానీ ప్రకటనలో రాశారంటే, లేనివాళ్లను హెచ్‌ఆర్ మొదటి వడపోతలోనే పక్కన పెట్టే అవకాశం ఉంది.

సీఐఏకి (ఇంటర్నల్ ఆడిటర్ సర్టిఫికెట్) మూడు పార్టులు: మొదటిది 125 ప్రశ్నలు, 150 నిమిషాలు. మిగతా రెండూ తలా 100 ప్రశ్నలు, 120 నిమిషాలు. స్కోరు 250 నుంచి 750 వరకు, పాస్ కావాలంటే 600. ఎక్స్‌టర్నల్ ఆడిట్‌లో చేసిన ఏళ్లు అనుభవంగా పనికొస్తాయి, కాబట్టి మీకు మిగిలింది పరీక్షే. సీఐఎస్ఏ (ఐటీ ఆడిట్ సర్టిఫికెట్) ఒకే పరీక్ష: 150 ప్రశ్నలు, నాలుగు గంటలు, 200 నుంచి 800 స్కేలులో 450 వస్తే పాస్. అయితే సర్టిఫికెట్ చేతికి రావాలంటే సంబంధిత రంగంలో ఐదేళ్ల అనుభవం చూపాలి. చదువు లాంటి వాటికి మినహాయింపు గరిష్ఠంగా మూడేళ్లు. పాసయ్యాక దరఖాస్తుకు ఐదేళ్ల గడువు ఉంటుంది, కనుక ముందు పరీక్ష రాసేసి అనుభవం తర్వాత పూర్తి చేసుకోవచ్చు. మీరైతే సీఐఏ మొదటి పార్టుకు రిజిస్టర్ అయి, పరీక్ష తేదీని రెజ్యూమేలో వేయండి. 'చదువుతున్నాను' అంటే ఎవరూ నమ్మరు, తేదీ వేస్తే నమ్ముతారు. అన్ని పార్టులూ అయ్యాకే అప్లై చేద్దామని కూర్చుంటే మాత్రం గ్యాప్ పెరుగుతుంది.

ఎక్స్‌టర్నల్ నుంచి వచ్చినవాళ్లు ఇంటర్నల్ ఆడిట్ ఇంటర్వ్యూలో జారేది ఒకేచోట: ప్రతిదానికీ మెటీరియాలిటీ (పట్టించుకోవాల్సినంత పెద్ద అంకేనా అన్నది) అంటారు. అంకె చిన్నదైనా అదే తప్పు ఏ అడ్డూ లేకుండా మళ్లీ జరగగలిగితే ఇక్కడ అది ఫైండింగే (నివేదికలో రాయాల్సిన లోపమే). ఫైండింగ్ చెప్పేటప్పుడు ఈ వరుస అలవాటు చేసుకోండి: ఎలా ఉండాలి, ఎలా ఉంది, ఎందుకలా అయింది, దాని వల్ల ఏం జరగొచ్చు, ఏం చేయాలి. 'ఎందుకలా' అన్నచోట 'సిబ్బంది నిర్లక్ష్యం' అని రాస్తే పని సగంలో ఆపేసినట్టే. చెల్లింపు ఆమోదించే మనిషే కొత్త సప్లయర్‌ను సిస్టంలో సృష్టించగలుగుతున్నాడంటే, మూలం యాక్సెస్ ఇచ్చిన పద్ధతిలో ఉంది.

కంపెనీ లోపలి నుంచే ఇంటర్నల్ ఆడిట్‌కు మారేవాళ్లకు ఒక నియమం: గత 12 నెలల్లో తమ బాధ్యతలో ఉన్న పనిని తామే ఆడిట్ చేయకూడదు. బయటి నుంచి వచ్చే మీకు ఆ అడ్డు లేదు, అడిగితే అదే చెప్పండి.

ఐటీ ఆడిట్‌కు కోడింగ్ అక్కర్లేదు. మొదట కావలసింది యూజర్ యాక్సెస్, చేంజ్ మేనేజ్‌మెంట్ (సిస్టంలో మార్పులకు ఆమోదం, పరీక్ష), బ్యాకప్‌లు, బ్యాచ్ జాబ్‌లు (నిర్ణీత సమయానికి తమంతట తాము నడిచే పనులు). ఉద్యోగం మానేసినవాళ్ల జాబితా హెచ్‌ఆర్ నుంచి, యాక్టివ్ యూజర్ల జాబితా సిస్టం నుంచి తీసి పోల్చడం ఈ పనిలో ఓనమాలు. సిస్టం జాబితాను ఐటీ వాళ్లు ఎక్సెల్‌లో పంపితే అది పూర్తిగా వచ్చిందని ఎలా తెలుసని అడుగుతారు. జాబితా తీసేటప్పుడు పక్కనే ఉండి చూడటం, లేదా క్వెరీ, తేదీ, రికార్డుల సంఖ్య కనిపించే స్క్రీన్‌షాట్ తీసుకోవడం అన్నది జవాబు.

కటాఫ్_తేదీ:

అందరికీ ధన్యవాదాలు. సీఐఏ తేదీ ఈ వారమే తీసుకుంటాను. ఎక్సెల్ టెస్ట్ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాలన్నిటి నిల్వల పట్టిక), సేల్స్ లెడ్జర్ (అమ్మకాల ఖాతా) ఇస్తామని మాత్రమే చెప్పారు, సమయం గంట. తర్వాత అరగంట మౌఖికం.

పివట్_టేబుల్:

ఫైలు తెరిచిన వెంటనే అసలు షీటుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. తర్వాత లెడ్జర్ మొత్తం కూడి ట్రయల్ బ్యాలెన్స్‌తో సరిపోల్చండి. టెస్ట్ పెట్టేవాళ్లు చాలాసార్లు అక్కడే చిన్న తేడా పెడతారు. ఆ తేడా చూడకుండా శాంపిల్ తీసేసినవాళ్లు, తర్వాత ఎంత బాగా చేసినా వెనకబడతారు.

తేడా రావడానికి మామూలు కారణాలు: కొన్ని అంకెలు టెక్స్ట్‌గా ఉండటం (సెల్‌లో ఎడమ వైపు అంటుకుని కనిపిస్తాయి, సమ్ ఫార్ములా వాటిని లెక్కలోకి తీసుకోదు), దాచిన రోలు, మధ్యలో సబ్‌టోటల్ లైన్లు ఉండి రెండుసార్లు కూడటం. ఫిల్టర్ పెట్టి కింద సమ్ వేస్తే దాగిన రోలు కూడా కలిసిపోతాయి, సబ్‌టోటల్ ఫంక్షన్ వాడాలి. దానిలో 9 వేస్తే ఫిల్టర్ చేసిన రోలు వదిలేస్తుంది, 109 వేస్తే చేత్తో హైడ్ చేసినవీ వదిలేస్తుంది. వీలుకప్‌లో (ఒక జాబితాలోని విలువను ఇంకో జాబితాలో వెతికి తెచ్చే ఫార్ములా) చివర ఫాల్స్ వేయడం మరిచిపోతే దగ్గరి విలువ తెచ్చేస్తుంది. చాలాసార్లు ఎర్రర్ రాదు కాబట్టి తప్పు బయటపడదు కూడా.

డూప్లికేట్ ఇన్వాయిస్‌లు నంబరు ఒక్కదానితోనే వెతకొద్దు. ఒకచోట 00123, ఇంకోచోట 123, మరోచోట చివర ఖాళీ స్పేస్ ఉంటుంది. పార్టీ, మొత్తం, తేదీ మూడూ కలిపి చూడండి. ఆఖరి పదిహేను నిమిషాలు వేరే షీటులో అయిదారు లైన్లు రాయడానికి ఉంచుకోండి: ఏం చేశాను, ఏం దొరికింది, క్లయింట్‌ను ఏం అడగాలి. ఆ షీటు లేకుండా రంగులు వేసిన లెడ్జర్ ఇస్తే దాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

మౌఖికంలో డెబ్టార్ల కన్ఫర్మేషన్ (బాకీ ఎంతో కస్టమర్లనే నేరుగా అడిగి రాయించుకోవడం) తప్పకుండా వస్తుంది. 'జవాబు రాలేదు, ఏం చేస్తారు?' అంటే గుర్తుచేస్తూ మళ్లీ పంపడం, తర్వాత ఏడాది ముగిశాక వచ్చిన వసూళ్లను బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో, ఒక్కో ఇన్వాయిస్‌కు జతచేసి చూడటం. వసూలు కాని వాటికి డెలివరీ రుజువు, కస్టమర్ ఆర్డర్. సేల్స్ ఇన్వాయిస్ కాపీ చూస్తానంటే సరిపోదు, అది క్లయింట్ తయారుచేసిన కాగితమే. 'క్లయింట్ కన్ఫర్మేషన్ పంపొద్దన్నాడు' అన్నది రెండో ప్రశ్న. కారణం అడిగి దానికి ఆధారం చూడాలి, రిస్క్ అంచనా మీద, మోసం అవకాశం మీద దాని ప్రభావం తూచాలి, ప్రత్యామ్నాయ పద్ధతులు చేయాలి. కారణం సమంజసంగా లేకపోతే కంపెనీ పాలన బాధ్యత ఉన్నవాళ్లకు (డైరెక్టర్ల బోర్డు లాంటివాళ్లకు) చెప్పాలి. ఇదంతా ఐఎస్ఏ 505లో ఉన్నదే, వరుసగా చెప్పగలిగితే చాలు.

క్రెడిటార్లలో (కంపెనీ బాకీ పడ్డ సప్లయర్లలో) రికార్డు కాని అప్పులు ఎలా వెతుకుతారని అడిగితే లెడ్జర్ నుంచి మొదలుపెట్టొద్దు, లేనిది అందులో కనిపించదు. ఏడాది ముగిశాక చేసిన చెల్లింపులు, ఇన్వాయిస్ రాని గూడ్స్ రిసీట్ నోట్‌ల నుంచి వెనక్కి రావాలి.

బకాయి_జాబితా:

పివట్ గారు చెప్పినదానికి ఒక చేర్పు. టెస్ట్‌లో తేడా దొరికి, కారణం దొరక్కపోతే దాన్ని బ్యాలెన్సింగ్ అంకె వేసి కలిపేయొద్దు. ఎంత తేడా, ఏమేం చూశారు, ఇంకా ఏం కావాలి అని రాసి వదిలేయండి.

టిక్‌మార్క్:

రెజ్యూమే తిరగరాశాక ఒక ఎంగేజ్‌మెంట్ పేరా ఇక్కడ పెట్టండి, పేర్లు, గుర్తుపట్టే అంకెలు తీసేసి. ఎక్కడ బలహీనంగా ఉందో చూసి చెబుతాం.