బీచ్ పక్క ఇల్లు: ఏసీ అవుట్‌డోర్‌ని కప్పాలా, కడగాలా?

లాసన్స్‌బే వాసి:
విశాఖలో మా బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. పాత ఏసీ బయటి యూనిట్‌ని ఉప్పుగాలి తినేసింది. చేత్తో తాకితే దాని వెనకుండే పల్చటి లోహపు రెక్కలు పొడిపొడిగా రాలిపోయాయి. ఇప్పుడు కొత్తది బిగించాం, దీన్నైనా కాపాడుకోవాలి. చుట్టూ రేకు డబ్బా కట్టించమని కొందరు, అలా చేస్తే అసలుకే మోసమని ఇంకొందరు అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పెదవాల్తేరు ఇంజనీరు:
కట్టించాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో కొమ్మలు, రేకు ముక్కలు ఎగిరొచ్చి యూనిట్లని చితక్కొట్టడం కళ్ళారా చూశాను. మూడు వైపులా, పైనా మూసి ఎదర జాలీ పెడితే ఎండా తగలదు, వానా తగలదు. ఉప్పూ తగ్గుతుంది.

ఏసీ మెకానిక్, మద్దిలపాలెం:
గురువుగారూ, తుపాను మాట కాదనను. ఉప్పు మాట మాత్రం ఒప్పుకోలేను. బయటి యూనిట్ పనే గాలి పీల్చడం. వెనక నుంచి, పక్క నుంచి లాగి, కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాలు, వాటి రెక్కలు) మీదుగా పోనిచ్చి, ముందు నుంచి వేడిగా వదులుతుంది. ఉప్పు ఉన్నది ఆ గాలిలోనే. డబ్బా కట్టినా అదే గాలి లోపలికి రావాలి. పైగా వదిలిన వేడిగాలి బయటికి పోలేక అక్కడే తిరుగుతుంటే మళ్ళీ దాన్నే పీలుస్తుంది. గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ కాగిపోతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది.

ఇంకో సంగతి. షాపులో కాపర్ ఏసీ అని అమ్మినా రాగి ఉండేది గొట్టాల్లోనే. వాటిని పట్టుకుని ఉండే పల్చటి రెక్కలు అల్యూమినియంవే. రెండు లోహాలు ఆనుకున్న చోట ఉప్పుతేమ చేరితే ముందు పోయేది అల్యూమినియం. గొట్టం చుట్టూ తెల్లటి పొడి కనపడితే అది మొదలైనట్టే. అక్కడ పట్టు వదిలిందంటే గొట్టంలోని వేడి రెక్కకి చేరదు. నీలం పూత ఉన్న రెక్కలైతే ఇంకొన్నాళ్ళు ఆగుతాయి.

వాన తగలకూడదన్నారు. బీచ్ వైపు కిటికీ గ్రిల్ ఒకసారి చూడండి. చాలా ఇళ్ళలో వాన నేరుగా కొట్టే చోటికంటే సన్‌షేడ్ చాటున ఉన్న చోటే తుప్పు ఎక్కువ. వాన ఉప్పుని కడిగేస్తుంది. చాటున ఉప్పు పేరుకుపోయి, రాత్రి తేమకి నాని, తినేస్తుంది.

అందుకే కడగమంటాను. ముందు ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్చి ఆపేయండి. మొక్కలకి పట్టే పైపుతో మామూలు ధారగా, ఎండాకాలంలో నెలకోసారి. ప్రెషర్ గన్ వాడితే రెక్కలు వంగిపోతాయి. యాసిడ్ అసలే వద్దు. వైర్లు, బోర్డు ఉన్న పక్కకి నీళ్ళు కొట్టొద్దు.

ఎంవీపీ కాలనీ గృహిణి:
అన్నయ్యా, మా బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. కుళాయిలకి తెల్లగా చారలు కడుతున్నాయి. వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పే కదా?

ఏసీ మెకానిక్, మద్దిలపాలెం:
మంచి మాట అడిగారమ్మా. బోరు నీళ్ళు వద్దు. ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్ళు అంతకన్నా వద్దు, వడగట్టిన ఉప్పులన్నీ వాటిలోకే పోతాయి. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్ళు వాడండి. లేదంటే ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టండి. గదిలో గాలి తేమే చల్లబడి కారే నీరు అది, ఉప్పు దాదాపు ఉండదు. మన ఊరి ఉక్కకి రాత్రికి రాత్రే బోలెడు వస్తుంది. పల్చటి గుడ్డలో వడగట్టి మగ్గుతో పోసుకోండి.

గాజువాక కుర్రాడు:
మావైపు ఉప్పుకంటే నల్లదుమ్ము బాధ. ఫిల్టర్ రెండు వారాలకే మూసుకుపోతుంది. ఇంకోటి, సర్వీసుకొచ్చినాయన గ్యాస్ తగ్గిందని ఏటా పోస్తున్నాడు. అది మామూలేనా అన్నా?

ఏసీ మెకానిక్, మద్దిలపాలెం:
కాదు తమ్ముడూ. గ్యాస్ అంటే బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. జాయింట్ల దగ్గర సబ్బునురగ రాయించు, బుడగలు లేస్తే దొరికిపోతుంది. లీకు మూసి, నైట్రోజన్‌తో పరీక్షించి, గొట్టాల్లో గాలీ తేమా లేకుండా వాక్యూమ్ లాగాకే గ్యాస్ ఎక్కించాలి, అదీ తూకం వేసి. ఆర్‌410ఎ రకం గ్యాస్ అయితే అది రెండు గ్యాసుల మిశ్రమం, లీకైతే పాళ్ళు మారొచ్చు, అందుకే మిగిలింది తీసేసి మొత్తం కొత్తగా నింపించుకో. లీకు వెతకకుండా గ్యాస్ పోసేవాడికి డబ్బులివ్వొద్దు.

పెదవాల్తేరు ఇంజనీరు:
కడగడం బాగానే ఉంది. తొమ్మిదో అంతస్తులో సజ్జ మీదున్న యూనిట్‌ని ఎవరు కడుగుతారు? ఏసీ కోసం మనిషి ప్రాణం పణంగా పెట్టలేం. నా ఓటు ఇప్పటికీ పైకప్పుకే. పక్కలు తెరిచి ఉంచమంటే ఉంచుతాను.

ఏసీ మెకానిక్, మద్దిలపాలెం:
పక్కలు, ఎదర తెరిచి, యూనిట్‌కి జానెడు ఎత్తున కప్పు వేస్తే నాకు అభ్యంతరం లేదు సర్. కాకపోతే కప్పు కింద వాన కడగదు, ఆ పని మనమే చేయాలి. బెల్టు లేకుండా ఎవర్నీ సజ్జ మీదకి దించకండి. కొత్తగా కొనేవాళ్ళు బాల్కనీలో చేతికందే చోటే బిగించుకోండి.

లాసన్స్‌బే వాసి:
రేకు డబ్బా మానేశాను. కానీ స్టాండు మామూలు ఇనుముదే వేశారు, బోల్టుల చుట్టూ అప్పుడే ఎర్రచారలు దిగుతున్నాయి. మార్చాలంటారా?

ఏసీ మెకానిక్, మద్దిలపాలెం:
ఈ వారమే మార్పించండి. బోల్టులు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి, 304 కంటే ఉప్పుకి బాగా తట్టుకుంటాయి. యూనిట్ బరువు 20 కిలోల పైమాటే, కింద పిల్లలు ఆడుకుంటుంటారు.